షిఫ్ట్ మారే వేళ సైకిలుకు దారివ్వండి

సంపాదకులకు,



భిలాయి ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు మారేది పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి. ఆ మూడు వేళల్లో మెయిన్ గేటు, బోరియా గేటు వైపు వెళ్లే రోడ్ల మీద కార్లూ బైకులూ నడిపే మనం సైకిలు తొక్కేవాళ్లతో ప్రవర్తించే తీరు చూసి ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కోరేది ఒక్కటే. షిఫ్ట్ మారే వేళల్లో గేట్ల చుట్టుపక్కల రోడ్ల మీద ఏ బండీ గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటకూడదు. దానికి బోర్డులు పెట్టాలి, మనుషుల్ని నిలబెట్టి అమలు చేయించాలి.

సైకిళ్ల కాలం పోయిందని చాలామంది అంటారు. పోలేదు, తొక్కేవాళ్లు మారారు. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన తర్వాత ఎన్నో ఏళ్లపాటు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మన తెలుగువాళ్లు సైకిలు మీదే డ్యూటీకి వెళ్లారు. షిఫ్ట్ వదిలారంటే రోడ్డు నిండా సైకిళ్లే. కారున్న అధికారి కూడా ఆ గుంపు కదిలేదాకా ఆగేవాడు. ఇవాళ పర్మినెంటు ఉద్యోగి ఇంట్లో బైకు ఉంది, చాలా ఇళ్లలో కారు కూడా ఉంది. సైకిలు ఠేకా (కాంట్రాక్టు) కూలీకి మిగిలింది. ఖుర్సీపార్ నుంచి, క్యాంపు నుంచి, జాముల్ నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి అతను టిఫిన్ డబ్బా తగిలించుకుని తొక్కుకుంటూ వస్తాడు. రేజా పనికి, అంటే కూలికి వచ్చే ఆడవాళ్లు రోడ్డు పక్కన నడిచి వస్తారు. వీళ్ల తరఫున అధికారులతో మాట్లాడేవాళ్లు తక్కువ. ఒకప్పుడు రోడ్డు నడిమధ్య నడిచిన సైకిలు ఇవాళ రోడ్డు అంచున మట్టిలోకి దిగిపోయిందంటే కారణం అదే.

వేగం సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన పరిమితుల ప్రకారం పట్టణాల్లో కారు 70, మోటారు సైకిలు 60 వరకు వెళ్లవచ్చు. అరవై మీద వెళ్లే బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ముందున్న సైకిలు గుంత తప్పించుకోవడానికి పక్కకు తిరిగిందని మన కంటికి తెలిసి, కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికే ఆ సెకను అయిపోతుంది. బండి ఆగడం మొదలయ్యేది ఆ తర్వాతే. ముప్ఫై మీద వెళ్తుంటే ఆ సెకనులో దాటేది ఎనిమిది మీటర్లే. దెబ్బ సంగతి ఇంకా ముఖ్యం. వేగం సగమైతే ఢీకొట్టే శక్తి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. మనుషులూ సైకిళ్లూ వాహనాలూ కలిసి తిరిగే చోట్ల గరిష్ఠ వేగం 30 ఉండాలని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు ప్రకటించింది ఈ లెక్క చూసే. కేంద్రం చెప్పినవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద ఏ రోడ్డుకైనా వాటిని తగ్గించే అధికారం రాష్ట్రానికి ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు.

ఇంకో విషయం చీకటి. డిసెంబరులో మన దగ్గర ఆరున్నర దాకా పొద్దు పొడవదు. అంటే ఆరు గంటల షిఫ్టుకు వెళ్లేవాళ్లంతా ఆ నెలల్లో చీకట్లోనే, చాలా రోజులు మంచులోనే తొక్కుతారు. ఎదురుగా వచ్చే కారు హై బీమ్ కళ్లల్లో కొడితే సైకిలు మీదున్న మనిషికి ఆ కాసేపు రోడ్డు కనపడదు. గుంత ఉన్నా, అడ్డంగా పడుకున్న ఆవు ఉన్నా అతనికి తెలియదు. డిప్పర్ నొక్కడానికి మన వేలు ఒకసారి కదిపితే చాలు. కొత్త సైకిళ్లకు ముందూ వెనకా, పెడళ్లకూ చక్రాలకూ వెలుగు పడితే మెరిసే రిఫ్లెక్టర్లు తప్పనిసరి చేస్తూ 2020లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కానీ ఠేకా కూలీ తొక్కేది సెకండ్‌హ్యాండ్ సైకిలు. దానికి బెల్లే ఉండదు, రిఫ్లెక్టరు మాట చెప్పనే అక్కర్లేదు. గేటు పాసుతో పాటు మెరిసే టేపు ముక్క కూడా ఇస్తే కాంట్రాక్టరుకు అయ్యే ఖర్చు ఒక పూట టీ ఖర్చు కంటే ఎక్కువ కాదు.

"వాళ్లు రాంగ్ సైడులో వస్తారు, లైటు ఉండదు, మేమేం చేస్తాం?" అనే మాట తరచూ వింటున్నాను. రాంగ్ సైడులో వచ్చే మాట నిజమే. ఎందుకు వస్తారో కూడా చూడాలి. రాయ్‌పూర్ వెళ్లే హైవే అయిన జీఈ రోడ్డు మీద డివైడరులో దారి ఎక్కడో దూరాన ఉంటుంది. ఎనిమిది గంటలు కొలిమి దగ్గర పనిచేసిన మనిషి, చుట్టూ తిరిగి రావడానికి మళ్లీ అంత దూరం తొక్కాలి. సుపేలా, పవర్ హౌస్ దగ్గర కట్టిన ఫ్లైఓవర్లు రాయ్‌పూర్ వెళ్లే కార్లకు సుఖం. కింద సర్వీసు రోడ్డు మీద ఆటోలూ, బస్సులూ, తోపుడు బళ్లూ, సైకిళ్లూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. ఇదే హైవే మీద కుమ్హారి దగ్గర 2022 డిసెంబరులో, పూర్తికాని ఫ్లైఓవర్ అని తెలియక మోటారు సైకిలు మీద ఎక్కిన భార్యాభర్తలు కిందపడి చనిపోయారు, వాళ్ల కూతురు గాయాలతో బతికింది. రోడ్డు వేసేటప్పుడు చిన్న బండి మీద వెళ్లేవాణ్ణి లెక్కలోకి తీసుకోకపోతే జరిగేది ఇదే. సైకిలు మనిషి తప్పు చేసినా, కారు మనిషి తప్పు చేసినా ప్రాణం పోయేది సైకిలు మనిషికే. ఎక్కువ జాగ్రత్త కారు మనిషి మీద ఉండాలనడానికి నాకు వేరే కారణం అక్కర్లేదు. నడిచేవాళ్ల సంగతీ అంతే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవాళ్లు.

గేటు లోపల మనం ఇలా లేము. 2014లో గ్యాస్ లీకై ఆరుగురు పోయినప్పుడు, 2018లో కోక్ ఓవెన్ దగ్గర పేలుడు జరిగినప్పుడు ఊరంతా కన్నీళ్లు పెట్టుకుంది. హెల్మెట్, బూట్లు, పని మొదలుపెట్టే ముందు భద్రత గురించి రెండు మాటలు... ఇవన్నీ లోపల తప్పనిసరి. అదే మనిషి గేటు దాటి రోడ్డెక్కగానే అతని ప్రాణం ఎవరి బాధ్యతా కాకుండా పోతోంది. చట్టం అలా అనడం లేదు. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో దానికి సంబంధం రుజువైతే, పనిలో తగిలిన గాయమేనని 2010 సవరణతో ఈఎస్ఐ చట్టంలో చేర్చారు. మహారాష్ట్రలో ఒక చక్కెర మిల్లు కాపలాదారు 2003లో తెల్లవారుజాము డ్యూటీకి బైకు మీద వెళ్తూ దారిలో చనిపోయాడు. ఆ కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు అలాంటి ప్రమాదాలకు ఉద్యోగుల నష్టపరిహారం చట్టం కూడా వర్తిస్తుందని తేల్చింది. డ్యూటీకి వెళ్లే దారిని కోర్టు డ్యూటీలో భాగంగా చూస్తున్నప్పుడు యాజమాన్యం కూడా అలాగే చూడాలి.

టౌన్‌షిప్ రోడ్లు కర్మాగారం నగర సేవల విభాగం చేతిలోనే ఉన్నాయి. గేట్ల వైపు వెళ్లే రోడ్లు మంచి వెడల్పున్నవి. ఎడమ పక్కన సైకిలుకు గీత గీసి, ఆ గీత మీద కార్లు ఆపనివ్వకుండా చూడటం వాళ్లకు పెద్ద పని కాదు. షిఫ్టుకు ముందూ వెనకా అరగంట లారీలను ఆ రోడ్ల మీదకు రానివ్వకూడదు. "ఇదేమన్నా నెదర్లాండ్సా?" అంటారేమో. నెదర్లాండ్స్ కూడా మొదటి నుంచీ అలా లేదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3,300 మంది చనిపోయారు. వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి అడిగాక అక్కడి ప్రభుత్వాలు రోడ్లను మార్చడం మొదలుపెట్టాయి.

ఇక మన ఇళ్ల సంగతి. పదహారేళ్ల పిల్లాడికి బైకు తాళం ఇచ్చి ట్యూషనుకు పంపడం టౌన్‌షిప్ సెక్టార్లలో మామూలైపోయింది. 2019 సవరణ తర్వాత దానికి తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. జైలు భయంతో కాకపోయినా, ఆ పిల్లాడి బండి ముందు నడిచే రేజా అమ్మను తలచుకుని తాళం ఇవ్వకండి. కారు ఆపి దిగేటప్పుడు ఎడమ చేత్తో తలుపు తెరవండి. అప్పుడు ఒళ్లు దానంతటదే వెనక్కి తిరిగి, వచ్చే సైకిలు కంటపడుతుంది. సైకిలును దాటేటప్పుడు మనిషి చెయ్యి చాపినా తగలనంత ఎడం ఇవ్వండి. ఎడం లేకపోతే వెనకే నెమ్మదిగా వెళ్లండి. మెయిన్ గేటు నుంచి సివిక్ సెంటరు దాకా అలా వెళ్తే పోయేది రెండు మూడు నిమిషాలు.

భిలాయిలోని తెలుగు సంఘాల పెద్దలకు నా విన్నపం. ఉగాదికీ, సంక్రాంతికీ మనం వందల మందిమి కలుస్తాం. మన తండ్రులు తొక్కిన దారి మీద ఇవాళ తొక్కుతున్నవాళ్ల కోసం ఆ సభల్లో ఒక తీర్మానం చేసి కలెక్టరు గారికీ, కర్మాగారం యాజమాన్యానికీ ఇవ్వండి. వచ్చే చలికాలం మొదలయ్యేలోగా గేటు రోడ్ల మీద గంటకు 30 అనే వేగం బోర్డులు, సైకిలు గీతలు వేయించండి. విశాఖ ఉక్కు, సింగరేణి ఊళ్లలో షిఫ్ట్ గేట్ల దగ్గర ఉండే పాఠకులు కూడా తమ ఊరి అధికారులను ఇదే అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భిలాయి, ఛత్తీస్‌గఢ్