పాంథర్లకు ఫ్యాన్స్, ఎరుకలకు హాజరు

నిన్న సాయంత్రం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర చాయ్ తాగుతున్నాం. అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలు కరెంట్ అఫైర్స్ ఒప్పజెప్పుకుంటున్నారు. 2025 అక్టోబర్ 19, పారిస్ లూవ్ర్ మ్యూజియం, కొద్ది నిమిషాల్లో 8.8 కోట్ల యూరోల నగలు మాయం. "ఏం ప్లానింగ్ సార్!" అన్నాడొకడు. అక్కడి నుంచి మాట పింక్ పాంథర్స్ మీదికి పోయింది. 2003లో లండన్‌లో గ్రాఫ్ నగల షాపు కొట్టి, వజ్రపుటుంగరాన్ని ఫేస్‌క్రీమ్ డబ్బాలో దాచారట, అచ్చం పాత సినిమాలోలా. పత్రికలు ఆ సినిమా పేరే తగిలించాయి. బాల్కన్ ముఠా. ఇంటర్‌పోల్ వాళ్ల కోసం ప్రత్యేక ప్రాజెక్టే పెట్టింది.

సరే. కానీ సెర్బియాలో పుట్టిన పసిబిడ్డను దొంగగా రాసుకునే చట్టం ఎవరైనా చేశారా?

మనకు చేశారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఉప్పు, ధాన్యం ఊరూరా మోసి అమ్ముకున్న ఎరుకల బతుకును ఉప్పు చట్టాలూ రైళ్లూ మింగేశాక, వాళ్లనే పుట్టు దొంగలన్నారు. వేలిముద్రలు, పోలీసు హాజరు, సాల్వేషన్ ఆర్మీ చేతిలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు. 1952లో చట్టం రద్దయింది. జైలు మాన్యువళ్లలో దాని కంపు పోవాలంటే 2024లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది.

అదే కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో ఆడామగా పిల్లాజెల్లా కలిసి 60,000 మంది పనిచేసేవారని 17వ శతాబ్దంలో టావెర్నియే రాశాడు. ఆ మట్టి తవ్విన చేతులు ఎవరివో నాకు ఎవరూ పాఠంలో చెప్పలేదు. అక్కడే దొరికిందనే కోహినూర్‌ను 1849లో పదేళ్ల దులీప్ సింగ్ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించి విక్టోరియాకు చేర్చారు. పసివాడి సొమ్ము గుంజుకుంటే రాజ్యాంగం, కడుపు కాలి కన్నం వేస్తే కులగుణం! 2016లో మన సొలిసిటర్ జనరలే కోర్టులో, అది దొంగిలించింది కాదన్నాడు.

చాయ్ దగ్గర ఒక తమ్ముడు మాత్రం నోరు విప్పలేదు. పిల్లలు పోయాక చెప్పాడు. నారాయణగూడలో రూమ్ కుదిరిందట, అడ్వాన్స్ కూడా ఇచ్చాడట. ఆధార్‌లో ఊరు చూసి ఓనర్ డబ్బు వాపసిచ్చేశాడు.

"ఏమన్నాడ్రా?"

"'టైగర్ నాగేశ్వరరావు' సినిమా చూశానన్నాడు సార్."

గ్రూప్స్ రాస్తున్నాడు వాడు. రాత్రి లైబ్రరీ మూసేదాకా కూర్చుని, మిత్రుడి గదిలో నేల మీద పడుకుంటున్నాడు. అశోక్‌నగర్ చుట్టుపక్కల ఊరు అడగని ఓనర్ తెలిస్తే ఇన్‌బాక్స్‌లో చెప్పండి.