హెచ్చరికను చదువువారెవరు?

మన వర్తకులలో పలువురు చిట్టా ఆవర్జాలను విడిచి కంప్యూటరును ఆశ్రయించి చాలకాలమైనది. బిల్లులు, సరుకు నిల్వలు, అరువు ఖాతాలు అన్నియు దానిలోనే యున్నవి. ఆ యంత్రము సరిగా నడచుచున్నదో లేదో కనిపెట్టుటకు వేరొక సాఫ్టువేరు కలదనియు, నాగియోస్, జాబిక్స్, ప్రొమీథియస్ వంటివి వెల లేకయే లభించుననియు కొందరికే తెలియును. ఇవి నియమిత కాలమున కొకసారి సర్వరును పలుకరించి, డిస్కులో చోటెంత మిగిలినదో, పనిభారమెంత యున్నదో వ్రాసి పెట్టుకొనును. హద్దు దాటినచో కబురు పంపును.

ఇట్టి ఏర్పాటు అవసరమే. అయితే దానిని అమర్చినంతనే నిశ్చింతగా నుండవచ్చునను తలంపు మనవారిలో వ్యాపించుట చూచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2012 ఆగస్టు 1వ తేదీన అమెరికా షేర్ల బజారులో నైట్ కాపిటల్ అను సంస్థకు ఏమి జరిగినదో చూడుడు. క్రొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కించిరి. ఎనిమిదవ దానిలో పాతదే మిగిలిపోయినది. బజారు తెరువక మునుపే ఆ లోపమును సూచించు 97 ఈమెయిళ్లు ఉద్యోగులకు చేరినవి. అవి హెచ్చరికలుగా ఏర్పరచినవి కావు గనుక వాటిని చదువు అలవాటు ఎవరికిని లేదు. బజారు తెరచిన 45 నిమిషములలో 40 లక్షల లావాదేవీలు జరిగి, 46 కోట్ల డాలర్లకు మించిన నష్టము వచ్చినది. మరుసటి యేట ఆ సంస్థ వేరొక దానిలో కలిసిపోయినది. కుక్క 97 మారులు మొరిగినను యజమాని మేలుకొనలేదు!

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థ ఉద్యోగి యొకరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపివేసిరి. రోజువారీ నకళ్లు తయారగుట లేదని అప్పుడు గాని తెలియలేదు. ఆ సంగతి తెలుపవలసిన ఈమెయిళ్లు, తగిన ధ్రువీకరణ లేదని, అందుకొను చోటనే త్రోసివేయబడినవి. ఆరు గంటల ముందటి నకలొకటి దైవవశమున దొరికినది.

మన దుకాణములలో ఈ కబుర్లు ఎవరి ఫోనుకు వెళ్లుచున్నవి? యంత్రమును అమర్చిన కుర్రవానికని పలువురందురు. ఆ కుర్రవాడు బెంగుళూరులో ఉద్యోగమునకు వెళ్లి రెండేండ్లై యుండును. ఇక కొందరు ప్రతి చిన్న విషయమునకును కబురు వచ్చునట్లు చేసుకొని, విసిగి, ఫోను మ్రోగకుండ నొక్కి పెట్టుదురు. తెరమీద వంద రంగుల గీతలకంటె, తప్పక చూడవలసిన నాలుగు హెచ్చరికలు మేలని మా అభిప్రాయము. వానికి ఒక మనిషిని, అతడు ఊరలేనప్పుడు మరొకని పేరుతో నియమింపవలెను. నెలకొకసారి బుద్ధిపూర్వకముగా యంత్రము నాపి, కబురు వచ్చునో లేదో చూడవలెను. నకలునుండి లెక్కలను తిరిగి తెరచి చూడవలెను.

మన సంఘ కార్యాలయపు యంత్రములో సభ్యుల పట్టికయే గాక, తెలుగు తరగతులకై పెట్టుకొను అర్జీలకు ఆధారమైన పిల్లల జాబితాలును ఉన్నవి. అవి పోయినచో ఇల్లిల్లు తిరిగి మరల వ్రాసికొనవలసి యుండును. కావున రాబోవు కార్యవర్గ సమావేశములోనే దానికిని ఇద్దరి పేర్లను నిర్ణయింపవలెనని కోరుచున్నాము.