డెలివరీ అయ్యాక రండమ్మా!

మన వైజాగ్‌లో కడుపుతో ఉన్న మనిషికి పన్నునొప్పి వస్తే దొరికే వైద్యం ఒకటే, వాయిదా. గాజువాకలో మా వదినకి ఐదో నెలలో దవడపన్ను పోటు మొదలైంది. క్లినిక్‌కి వెళ్తే "డెలివరీ అయ్యాక రండమ్మా" అన్నారు. డెలివరీ అయ్యాక వెళ్తే "పాలు మానిపించాక చూద్దాం" అన్నారు! మా ఆఫీసులో బగ్గుల్ని నెక్స్ట్ రిలీజుకి తోసేసినట్టే. కాకపోతే బగ్గు రాత్రంతా దవడ పట్టుకు కూర్చోదు.

దీన్ని జాగ్రత్త అంటే నేనొప్పుకోను. చేతులు దులుపుకోవడం ఇది. గర్భంతో ఉన్నప్పుడు పళ్ళు క్లీనింగ్ చేయించుకోవచ్చు, పంటి దగ్గర మత్తిచ్చి తీయొచ్చు, రూట్ కెనాల్ చెయ్యొచ్చు, కవచం వేసి ఎక్స్‌రే కూడా తీయొచ్చు అని అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2013లోనే చెప్పింది. పాలిచ్చే తల్లికి లిడోకైన్ ఇంజెక్షన్ ఇచ్చినా పాలు మానక్కర్లేదు. అసలు భయపడాల్సింది వెనక్కి పంపేశాక మందులషాపులో అడిగి మింగే బిళ్ళలకి. ఐబుప్రొఫెన్ లాంటివి 20 వారాలు దాటాక వద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది.

ఇక ఇంట్లో పెద్దవాళ్ళ సిద్ధాంతం: బిడ్డ తల్లి పళ్ళలోంచి కాల్షియం లాగేసుకుంటుందిట, పోయే పళ్ళు పోతాయిట. అదేం కాదండీ. హార్మోన్ల వల్ల చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది. వేవిళ్ళ వాంతుల్లోని యాసిడ్ ఎనామిల్‌ని మెత్తబరుస్తుంది. పైన మనం పెట్టే చలిమిడి ఉండనే ఉంది. వాంతి అవగానే బ్రష్ చెయ్యకుండా, గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించమని చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది?

చిగుళ్ళు బాగు చేస్తే నెలలు నిండని కాన్పులు ఆగిపోతాయని మాత్రం నేననను. 2006లో అచ్చయిన, 823 మంది గర్భిణులతో చేసిన అమెరికా పరిశోధనలో ఆ తేడా కనబళ్ళేదు. వైద్యం వల్ల ప్రమాదం లేదని మాత్రం తేలింది. నొప్పి తగ్గించడానికి ఇంకో కారణం కావాలా?

2016 నుంచి ప్రతినెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత పరీక్షలు పెట్టారు. రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ ఉంది, సంగివలసలో ఇంకోటుంది. ఆ ఒక్కరోజు నలుగురు హౌస్ సర్జన్లని వన్‌టౌన్ ఘోషాసుపత్రిలో కూర్చోబెట్టడానికి అడ్డేమిటి? బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ గర్భిణికీ, కాన్పయ్యాక ఏడాది వరకూ పళ్ళ వైద్యం ఉచితంగా చేస్తోంది. నేను అంత అడగట్లేదు.

ఈలోగా మీ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే, పన్ను నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఓసారి చూపించండి. "డెలివరీ అయ్యాక" అంటే ఎందుకో అడగండి. జవాబు చెప్పకపోతే ఆ మెట్లు దిగి పక్క క్లినిక్‌కి తీసుకెళ్ళండి.