ఇంటి గడప: మన హక్కు, మన హద్దు

వానలు ముఖం చాటేసిన ఏడాది అనంతపురం పీఠభూమిలో మగవారు లేని ఇళ్లు పెరుగుతాయి. వేరుశనగ చేతికి రాకపోతే బెంగళూరు బస్సెక్కక తప్పదు. కదిరి ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లిన వారూ తక్కువేమీ కాదు. వారి వెనుక మిగిలేది వృద్ధులైన తల్లిదండ్రులు, భార్య, పిల్లలు, ఒక పాత తలుపు, దాని గడియ. అలాంటి ఇంట్లో అర్ధరాత్రి ఎవరో తలుపు బాదితే ఆ కుటుంబం ఏం చేయాలి? వచ్చినవాడు దొంగ కావచ్చు, పాత కక్షతో వచ్చినవాడు కావచ్చు, ఎక్కడో జరిగిన గొడవకు ఇక్కడ బదులు తీర్చుకోవాలని వచ్చిన గుంపు కావచ్చు. ముస్లిం కుటుంబాల మనసులో ఈ మూడో భయం కూడా ఉన్నదన్న సంగతిని దాచుకొని ప్రయోజనం లేదు.

భయం గురించి మాట్లాడటం పిరికితనం కాదు. ఆ భయాన్ని జ్ఞానంగా మార్చుకోకపోవడమే ప్రమాదం. ఇంటిని కాపాడుకోవడం మన హక్కు. ఆ హక్కుకు ఒక హద్దు ఉంది. ఈ రెండూ తెలిసిన కుటుంబమే నిజంగా రక్షణ పొందగలదని మేము భావిస్తున్నాము.

ఇంటి పవిత్రత మనకు కొత్తగా ఎవరో నేర్పవలసిన విషయం కాదు. అనుమతి అడగకుండా, సలాం చెప్పకుండా పరుల ఇళ్లలో ప్రవేశించవద్దని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరాలో ఆదేశించింది. తన ప్రాణాన్ని, సంపదను, కుటుంబాన్ని కాపాడుకునే ప్రయత్నంలో మరణించినవాడు షహీద్ అని హదీసులు చెబుతున్నాయి. అదే ధర్మం, అన్యాయానికి గురైనవాడు సైతం ప్రతీకారంలో హద్దు మీరరాదని హెచ్చరించింది. హక్కునూ హద్దునూ ఒకేచోట చెప్పిన ధర్మం మనది.

ఆశ్చర్యకరమైన సంగతి ఏమిటంటే, ఈ దేశపు చట్టం కూడా దాదాపు అదే మాట చెబుతున్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. పాత శిక్షాస్మృతిలో ఇవే 96 నుండి 106 వరకు ఉండేవి. 35వ సెక్షన్ ప్రకారం ప్రతి వ్యక్తికీ తన శరీరాన్నే కాక ఇతరుల శరీరాన్ని కూడా, తన ఆస్తినే కాక ఇతరుల ఆస్తిని కూడా కాపాడే హక్కు ఉంది. అంటే పొరుగింటి మీద దాడి జరుగుతున్నప్పుడు అడ్డుపడిన మనిషి చట్టం దృష్టిలో హక్కుదారుడే. అతడు ముస్లిం అయినా, హిందువు అయినా అంతే.

ఈ హక్కు ఎంతవరకు వెళుతుంది? సూర్యాస్తమయం నుండి సూర్యోదయం లోపు ఇంటికి కన్నం వేసి గాని, తలుపు పగలగొట్టి గాని చొరబడినప్పుడు, దోపిడీకి దిగినప్పుడు, నివాసగృహానికి నిప్పు పెట్టినప్పుడు, చొరబాటు తీరును బట్టి ప్రాణం పోతుందనో తీవ్రగాయం తప్పదనో సహేతుకంగా భయపడవలసి వచ్చినప్పుడు, దాడి చేసినవాని ప్రాణం పోయినా ఆ ఎదిరింపును నేరంగా చూడరాదని 41వ సెక్షన్ చెబుతున్నది. అత్యాచార ఉద్దేశంతో దాడి జరిగితే ఆ స్త్రీకి ఇంతటి హక్కే 38వ సెక్షన్ ఇస్తున్నది. గుంపు మీదపడ్డ మనిషి పరిస్థితిని కూడా చట్టం ఊహించి 44వ సెక్షన్‌లో చోటు కల్పించింది.

ఇక హద్దు. 37వ సెక్షన్ రెండు షరతులు పెట్టింది. పోలీసుల సహాయం పొందేందుకు వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు. కాపాడుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేసే హక్కు ఎప్పుడూ లేదు. ప్రమాదం ముగిసిన తరువాత కొట్టే దెబ్బ రక్షణ కాదు, ప్రతీకారం. దొరికిన దొంగను చెట్టుకు కట్టేసి కొట్టడం పౌరుషం కాదు, నేరం. మన కళ్లెదుట తీవ్రమైన నేరం చేసినవానిని పట్టుకొనే అధికారం సామాన్యునికి కూడా ఉంది. కానీ అతనిని ఆలస్యం చేయకుండా, ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

ఆపదలో ఉన్న మనిషి త్రాసు పట్టుకొని దెబ్బను తూచి కొట్టలేడని న్యాయస్థానాలకు తెలుసు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలనన్నిటినీ క్రోడీకరించి, ఆత్మరక్షణను సంకుచితంగా చూడరాదని స్పష్టం చేసింది. అయితే ఆత్మరక్షణ అని చూపించుకోవలసిన బాధ్యత మనమీదే ఉంటుంది. కాబట్టి ఫోను చేసిన సమయం, పగిలిన తలుపు ఫొటో, పొరుగువారి సాక్ష్యం, గాయాలకు ప్రభుత్వాసుపత్రిలో రాయించిన ధ్రువపత్రం, ఇవన్నీ రేపు కోర్టులో మన కవచాలు.

ఇక్కడ మన యువకులతో సూటిగా మాట్లాడవలసిన విషయం ఒకటుంది. ఇంట్లో ఒక ఆయుధం ఉంటే ధైర్యమని కొందరు అనుకుంటున్నారు. ఈ ఆలోచన ఎక్కడికి దారితీస్తుందో అనంతపురం కంటే బాగా తెలిసిన జిల్లా మరొకటి ఉండదేమో. ఫ్యాక్షన్ రోజుల్లో వేటకొడవళ్లు, నాటుబాంబులు మొదట ఇళ్లలోకి వచ్చింది రక్షణ పేరుతోనే. ఒక ఇంట్లో దాచారని ఎదురింట్లోనూ దాచారు. చివరికి ఏ ఇల్లూ సురక్షితంగా మిగలలేదు. ఎన్నో కుటుంబాలు పొలాలు బీడు పెట్టి ఊళ్లు విడిచి వెళ్లాయి. విధవలైన తల్లులు, కోర్టుల చుట్టూ తిరిగిన తండ్రులు, చదువు మానేసిన పిల్లలు, ఇదీ ఆ రక్షణ మిగిల్చిన ఆస్తి. నాటుబాంబు దగ్గర ఉండటమే 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరం. అది దొరికిన మరుక్షణం బాధిత కుటుంబం నిందిత కుటుంబమైపోతుంది.

లైసెన్సు ఉన్న తుపాకీ అయినా గుంపు ముందు ఏపాటిది? 2002 ఫిబ్రవరి 28న అహ్మదాబాదులోని గుల్బర్గ్ సొసైటీలో మాజీ లోక్‌సభ సభ్యుడు ఎహసాన్ జాఫ్రీ ఇంట్లో ఇరుగుపొరుగు వారంతా తలదాచుకున్నారు. ఆయన వద్ద లైసెన్సు తుపాకీ ఉన్నది, పెద్దలతో పరిచయాలూ ఉన్నాయి. అయినా ఆయనతో కలిపి 69 మంది ప్రాణాలు కోల్పోయారు. పైగా 2016లో తీర్పు చెప్పిన ప్రత్యేక న్యాయస్థానం, ఆయన జరిపిన కాల్పులే గుంపును రెచ్చగొట్టాయన్న అభిప్రాయాన్ని వ్యక్తం చేసింది. ఆ అభిప్రాయం న్యాయమని మేము అనుకోము. కానీ తుపాకీ కాపాడలేకపోయిందన్నది, ఆ తరువాత నింద మోపడానికి మాత్రం పనికివచ్చిందన్నది కాదనలేని నిజం.

వదంతి మరొక ఆయుధం. 2018 మే నెలలో పార్థీ ముఠాలు తిరుగుతున్నాయని, పిల్లలను ఎత్తుకుపోతున్నాయని వాట్సాప్ సందేశాలు తెలుగు రాష్ట్రాలను ముంచెత్తాయి. ఆ భయంలో గుంపులు అమాయకులను పట్టుకొని కొట్టాయి. హైదరాబాదులోని చంద్రాయణగుట్టలో పొట్టకూటి కోసం వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. గుంపు హింసకు బలైన సమాజంగా మనం న్యాయం అడుగుతున్నాము. అలాంటప్పుడు మన బస్తీలలో, మన కళ్లెదుట, అపరిచితుడన్న ఒక్క కారణంతో ఎవరి మీదా చేయి పడకుండా చూడవలసిన బాధ్యత మనదే. ఫోనులో వచ్చిన ప్రతి హెచ్చరికనూ ముందుకు పంపేవాడు కాపలాదారు కాదు. నిజమేమిటో పోలీస్ స్టేషన్‌కు ఫోను చేసి కనుక్కున్నవాడే కాపలాదారు.

మరి ఇంటిని కాపాడేది ఏది? ఈ ప్రశ్నకు జవాబు వెతికే ముందు తెలుగు నేలపైనే జరిగిన ఒక ఘోరాన్ని గుర్తు చేసుకోవాలి. 2008 అక్టోబరులో అప్పటి ఆదిలాబాద్ జిల్లా భైంసా పట్టణంలో మతఘర్షణలు చెలరేగాయి. ఆ వెంటనే సమీపంలోని వటోలి గ్రామంలో ఒక ముస్లిం కుటుంబం ఇంటికి రాత్రివేళ నిప్పు పెట్టారు. పిల్లలతో సహా ఆరుగురు సజీవ దహనమయ్యారు. గొడవ పట్టణంలో, చావు పల్లెలో. పట్టణంలో కర్ఫ్యూ ఉంటుంది, బలగాలు ఉంటాయి, విలేకరులు ఉంటారు. పల్లెలోని ఇంటికి తలుపు గడియ తప్ప మరేమీ ఉండదు.

అనంతపురం పల్లెలను ఒకసారి తలచుకోండి. రెండు మూడు ముస్లిం ఇళ్లు, లేదా ఒకటే దూదేకుల ఇల్లు ఉన్న ఊళ్లు ఎన్ని! పట్టణంలో గొడవ జరిగినప్పుడు మన పెద్దలందరి దృష్టీ పట్టణం మీదే ఉంటుంది. మొదట ఫోను వెళ్లవలసింది మాత్రం ఆ ఒంటరి ఇంటికి. ప్రతి పట్టణ జమాఅత్ వద్ద చుట్టుపక్కల పల్లెల్లోని అలాంటి కుటుంబాల వివరాలు, ఫోను నంబర్లు ఉండాలి. ఉద్రిక్తత మొదలైన గంటలోనే వారిని పలకరించాలి. అవసరమైతే పిల్లలను, వృద్ధులను బంధువుల ఇంటికి చేర్చాలి. ఆ ఊరి పేరు చెప్పి, అక్కడ ఫలానా కుటుంబం ఉన్నదని పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. రేపు ఎవరూ మాకు తెలియదని అనలేని విధంగా ఆ కాగితం ఉండాలి.

అంతకంటే ముఖ్యమైనది, ఆ ఊళ్లోనే అర్ధరాత్రి తలుపు తట్టగల ఒక ఇల్లు మనకు ఉండాలి. ఈ విషయంలో మన పీఠభూమి పేదది కాదు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పేరుతో మొహర్రం రోజుల్లో హిందువులు, ముస్లింలు కలసి మొక్కులు చెల్లిస్తున్నారు. ఆ ఆచారాల ధార్మిక మంచిచెడ్డల చర్చ వేరు. కానీ మామా, అన్నా, చిన్నాన్నా అని కులమతాలు దాటి వరుసలు పెట్టి పిలుచుకునే అలవాటు ఈ పల్లెల్లో ఇంకా బ్రతికే ఉంది. ఫ్యాక్షన్ ఎంత నిజమైన వారసత్వమో ఇదీ అంతే నిజమైన వారసత్వం. వీటిలో దేనిని పెంచుకుంటామన్నది మన చేతుల్లో ఉంది. పొరుగింటి పెళ్లికి వెళ్లని మనిషి కోసం పొరుగువాడు కర్ర పట్టుకొని వస్తాడని ఆశించలేము.

ఇంట్లో చేయవలసిన పనులు చిన్నవే. తలుపుకు లోపలి నుండి రెండో గడియ, వాకిట్లో ఒక దీపం, పిల్లలతో సహా అందరికీ తెలిసిన 112 నంబరు, ఇంట్లోకి చొరబాటు జరిగితే అందరూ చేరవలసిన ఒక లోపలి గది. ఎదిరించడం కంటే తప్పించుకోవడం మేలైనప్పుడు తప్పించుకోవడమే ధైర్యం. నగలు పోతే పోనివ్వండి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు మరొక ఊళ్లోని బంధువు దగ్గర ఉంచండి. ఇల్లు కాలినా పౌరునిగా మన ఉనికి కాలిపోకూడదు.

ఇదంతా మన బాధ్యత. దీనివల్ల ప్రభుత్వ బాధ్యత ఒక్క వీసమైనా తగ్గదు. గుంపు దాడులను అరికట్టేందుకు ప్రతి జిల్లాలోనూ ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని నియమించాలని 2018 జూలై 17న తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలలో ఆ అధికారి ఎవరో మన కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద అడిగి, ఆ పేరును ప్రతి మస్జిద్ నోటీసు బోర్డు మీద ఉంచాలి. కులం, సముదాయం, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలసి చేసే హత్యకు మరణశిక్ష లేదా యావజ్జీవమని న్యాయ సంహిత 103వ సెక్షన్ చెబుతున్నది. ఆ సెక్షన్ ఎఫ్ఐఆర్‌లో చేరిందో లేదో చూసుకోవలసింది మనమే.

తీవ్ర నేరం జరిగిందన్న సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేయక తప్పదని 2013లో లలితాకుమారి కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. ఇప్పుడు ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వవచ్చు. నకలు ఉచితంగా పొందడం మన హక్కు. స్టేషన్‌లో కాదంటే ఎస్పీకి, అక్కడా కాదంటే మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయవచ్చు. వకీలును పెట్టుకొనే స్తోమత లేదని వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ స్త్రీలకు, జాతిహింస బాధితులకు ఉచిత న్యాయ సహాయం ఇస్తున్నది. ఆ జాబితాలో కరువు బాధితుల పేరు కూడా ఉంది. ఈ నేల మీద పుట్టిన మనకు ఆ అర్హత కొత్తగా సంపాదించుకోవలసినది కాదు.

తలుపు గట్టిగా ఉండాలి. తలుపు వెనుక ఉన్నవారికి చట్టం తెలిసి ఉండాలి. కేక వినగానే లేచి వచ్చే పొరుగు ఉండాలి. ఈ జుమా నాడు నమాజు తరువాత ఒక పది నిమిషాలు కూర్చోండి. మీ చుట్టుపక్కల ఊళ్లలో ఒంటరిగా ఉన్న ఇళ్లెన్నో లెక్క వేయండి. ఆ కాగితం మీద మొదటి పేరు రాసిన రోజే మన రక్షణ మొదలవుతుంది, ఇన్షా అల్లాహ్.