చేతి సైగ

హైదరాబాదులోని కోఠీ వంటి రద్దీప్రదేశమున వీధి దాటగోరువానికి నోటిమాట అక్కరకు రాదు. హారనుల మ్రోతలో ఎంత బిగ్గరగా పిలిచినను వినువారుండరు. కావున అతడు అరచేతిని ముందునకు చాచి, వచ్చు వాహనము వంక చూచుచు అడుగు వేయును. ‘కొంచెము ఆగుము’ అని దాని భావము. ఆటో వేగము తగ్గినచో విన్నపము చెల్లినట్లే. ముందు దీపములు తళుక్కుమన్నచో మాత్రము వెనుకకు తగ్గవలసినదే. మన వీధులలో దానికి సామాన్యముగా ‘ఆగను’ అని అర్థము. ఇంగ్లండులో అదే తళుకును ‘మీరు వెళ్ళుడు’ అని పెక్కుమంది గ్రహింతురు!

చోదకుని చేతికి చట్టము కొన్ని అర్థములను నిర్ణయించినది. 2017 వరకు అమలులో ఉండిన 1989 నాటి రహదారి నిబంధనల ప్రకారము కుడిచేతిని వెలుపలికి చాచి, అరచేయి క్రిందికి ఉంచి, పైకిని క్రిందికిని పలుమారులు ఊపినచో వేగము తగ్గించుచున్నాడని తెలియవలసియుండెను; ముంజేతిని నిట్టనిలువుగా ఎత్తినచో ఆపుచున్నాడని తెలియవలసియుండెను. దీపముల సూచనలు వచ్చిన పిమ్మట ఆ చేయి లోనికి పోయినది. చల్లని గాలియంత్రము వచ్చిన పిమ్మట అద్దమును మూతపడినది. కారు అద్దములకు నల్లని పొరలు అంటింపరాదని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. లోపలివాని ముఖము కానరానిచో పాదచారి సైగ గోడకు మొరపెట్టుకొన్నట్లే గదా!

ఈ సైగలన్నింటిలో ఎక్కువ మెలకువ వలసినది మంచివాని పిలుపుతోనే. బస్సు చోదకుడు దయతో ఆగి, ‘రండు’ అని చేయి ఊపును. ఆ హామీ అతని బస్సునకే చెల్లును. దాని ప్రక్కగా దూసుకొనివచ్చు మోటారుసైకిలు సంగతి అతడెరుగడు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు సాగును. అందుచేత బస్సు అంచుకడ మరల నిలిచి, తొంగిచూచి, అవతలి వరుసలోని చోదకుడు తన్ను చూచెనని రూఢిపరచుకొనిన పిమ్మటనే దాటవలెను.

ఇంత వేడుకోలు పాదచారికేల? సిగ్నలు లేని చారల దాటుబాటకడ అతనికే దారి విడువవలెనని 2017 నాటి చోదన నిబంధనలు చెప్పుచున్నవి. అక్కడ చేయి చాచినవాడు యాచకుడు కాడు. చాచలేనివారి మాట మరింత ముఖ్యము. రెండుచేతుల సంచులు మోయు ముసలమ్మ ఏ చేయి చాపగలదు? ఎనిమిదేండ్ల పిల్ల చేయి ఎత్తినను, దగ్గరకు వచ్చిన లారీవాని కంటికి అది కానరాకపోవచ్చును.