తొలి పుస్తకం చిన్నదిగా ఉండాలి



ఈ నెల శీర్షికను మా తప్పిదంతోనే ప్రారంభిస్తున్నాము. పార్వతీపురంలో సాయంత్రం వేళ మేము పాఠం చెప్పే మక్తబ్‌కు ఏడేళ్ల బాలుడొకడు వచ్చేవాడు. ఖాయిదా తెరిస్తే చాలు, పుట తరువాత పుట గడగడా వినిపించేవాడు. మేము సంతోషించేవాళ్లం. ఒకనాడు ఎందుకో పుట మధ్యలోని ఒక అక్షరంపై వేలు పెట్టి "ఇదేమిటి?" అని అడిగాము. వాడు మౌనంగా ఉండిపోయాడు. మరొకటి చూపించాము. మళ్లీ మౌనమే. తోటి పిల్లల నోట విని కంఠస్థం చేసిన దానినే వాడు ఇన్నాళ్లూ అప్పజెబుతున్నాడని అప్పుడు తెలిసింది. ఆ కోపంలో అందరి ఎదుటా వాడిని మందలించాము. మరునాటి నుంచి వాడు రావడం మానేశాడు.

నాలుగు రోజుల తరువాత వాడి దాదీ వచ్చారు. "హజ్రత్, వీడు ఇంట్లో బడి పుస్తకం కూడా తీయడం లేదు. చదువంటేనే భయపడుతున్నాడు" అన్నారు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అక్షరాలు రాకపోవడం ఆ పసివాడి నేరం కాదు. ఏడాది పాటు ఎదురుగా కూర్చోబెట్టుకుని కూడా గమనించకపోవడం మా నేరం.

దివ్య ఖుర్ఆన్‌లో మొట్టమొదట అవతరించిన ఆదేశమే చదవమని. అదే సందర్భంలో కలం ప్రస్తావన కూడా ఉంది. హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ యుద్ధం ముగిశాక, విడుదల ధనం చెల్లించలేని బందీలలో అక్షరజ్ఞానం ఉన్నవారు పదేసి మంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడిచిపెట్టాలని దైవప్రవక్త (స) నిర్ణయించినట్లు చరిత్రకారులు పేర్కొన్నారు. ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ పఠించే వ్యక్తికి రెండింతల ప్రతిఫలం ఉందని ఆయన (స) శుభవార్త వినిపించారు. తడబాటుకు అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉండగా, మన వద్ద మాత్రం తిట్లు ఉండడం ఎంత విచారకరం!

మన పిల్లవాడి నెత్తిన ఎంత భారం ఉందో ఒకసారి ఆలోచిద్దాం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, మక్తబ్‌లో అరబీ, బడిలో తెలుగుతో పాటు ఇంగ్లీషు. ఆరేళ్లు నిండకముందే ఒక లిపిని కుడి నుంచి ఎడమకు, రెండు లిపులను ఎడమ నుంచి కుడికి చూడాలి. పైగా ఖాయిదాలో వాడు నేర్చేది ఉచ్చారణ. అది గొప్ప విద్య. అల్లాహ్ వాక్కును సరైన స్వరంతో పలకడానికి అదే పునాది. అయితే అర్థం తెలియకుండా పలకడమే చదువు అని వాడు అనుకుంటే, బడి పుస్తకాన్ని కూడా అలాగే పలికి ఊరుకుంటాడు. అందుచేత తెలుగు గానీ ఉర్దూ గానీ చదివించేటప్పుడు, చదివిన మాట వాడికి అర్థమయ్యేలా మొదటి రోజు నుంచే చూడాలి.

ఈ విషయాన్ని మన ప్రాంతం ఎప్పుడో గుర్తించింది. పార్వతీపురానికి ఎంతో దూరంలో లేని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) కొండల మీది సవర పిల్లలకు తెలియని భాషలో పాఠం చెబితే ప్రయోజనం లేదని గ్రహించారు. తాను స్వయంగా సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు తయారుచేసి, బడులు పెట్టించారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ తరువాత చాలా కాలానికి, 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, కోయ మొదలైన ఎనిమిది భాషల పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టే కార్యక్రమం వచ్చింది. తెలుగు లిపిలోనే వారి మాటలు అచ్చయ్యాయి. కొండ మీది బిడ్డకు వర్తించే ఈ న్యాయం మన ఇంటి బిడ్డకూ వర్తిస్తుంది. తెలిసిన మాటతో మొదలుపెడితేనే తెలియని అక్షరం వశమవుతుంది.

మళ్లీ ఆ బాలుడి సంగతికి వద్దాం. మేమే వాడి ఇంటికి వెళ్లాము. ఖాయిదా తీసుకువెళ్లలేదు. పుటకు ఒక బొమ్మ, బొమ్మ కింద ఒకే వాక్యం ఉన్న పది పుటల తెలుగు పుస్తకం తీసుకువెళ్లాము. మొదటి పుటలో మేక బొమ్మ ఉంది. కింద 'మేక' అని ఉంది. వాడు బొమ్మ చూసి "బక్రీ" అన్నాడు. పూర్వం అయితే "తప్పు!" అనేవాళ్లం. ఆ రోజు "ఔను, బక్రీయే. తెలుగులో ఏమంటాం?" అని అడిగాము. "మేక" అన్నాడు. ఆ మాట మీద వేలు పెట్టించి, "మే... క" అని కలిపి చదివించాము. నాలుగో పుటకు వచ్చేసరికి ఆ మాటను వాడే వెతికి పట్టుకుని నవ్వాడు. అక్షరాన్ని చూసి వాడు నవ్వడం మేము అదే మొదటిసారి చూశాము.

తొలి పుస్తకం ఎలా ఉండాలో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. పుటకు ఒకటి రెండు వాక్యాలకు మించకూడదు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ఒకే మాట పదే పదే రావాలి. ఒత్తులు, సంయుక్తాక్షరాలు వీలైనంత తక్కువగా ఉండాలి. బొమ్మ చూస్తే కథ సగం తెలిసిపోవాలి. వర్ణమాల మొత్తం వచ్చాకే మాటలు చదివించాలన్న పట్టుదల అవసరం లేదు. ప, ల, క, డ, వ అనే ఐదు అక్షరాలు వస్తే చాలు, పలక, పడవ, కడవ, పడక, వల, కల, వడ అన్నీ చదవవచ్చు. వాటికి దీర్ఘం చేర్చితే పాప, పాక, వాడ వస్తాయి. వారంలో పది మాటలు సొంతంగా చదవగలిగిన బిడ్డకు మిగిలిన అక్షరాలు నేర్చుకోవాలన్న ఆశ తనంతట తానే కలుగుతుంది.

చదివించే పద్ధతి కూడా కష్టమైనది కాదు. మగ్రిబ్ నమాజ్ తరువాత పదిహేను నిమిషాలు చాలు. ఫోను పక్కన పెట్టి, బిడ్డను పక్కనే కూర్చోబెట్టుకోండి. మొదట మీరు మాట కింద వేలు కదుపుతూ చదవండి. తరువాత ఇద్దరూ కలిసి చదవండి. ఆ తరువాత వాడిని ఒక్కడినే చదవనివ్వండి. మాట దగ్గర ఆగితే వెంటనే అందించకండి, కొంచెం వేచి ఉండండి. ఒకే పుటలో నాలుగైదు చోట్ల ఆగిపోతుంటే ఆ పుస్తకం వాడి స్థాయికి మించినది. దానిని పక్కన పెట్టి ఇంకా సులభమైనది ఇవ్వండి. చదివిన పుస్తకాన్నే మళ్లీ అడిగితే విసుక్కోకండి. అయితే కంఠస్థం చేసి అప్పజెబుతున్నాడేమో చూడడానికి మధ్యలో ఒక మాట చూపించి అడగండి. దానిని ఆటలా అడగండి, మేము అడిగినట్లు అడగకండి.

"మాకే చదువు రాదు, ఎలా చదివించాలి?" అని కొందరు తల్లులు అడుగుతుంటారు. బొమ్మ చూసి బిడ్డ చేత కథ చెప్పించండి. శ్రద్ధగా వినడమే మీ వంతు. ఇంట్లో పెద్ద ఆపా ఉంటే తమ్ముడికి చదివి వినిపించమనండి. దానివల్ల ఇద్దరి చదువూ బాగుపడుతుంది. మగపిల్లల దగ్గరే కాదు, ఆడపిల్లల దగ్గర కూడా ఇదే ఓపికతో కూర్చోండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? బడి గ్రంథాలయంలో ముందుగా అడగండి. సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వారు తెలుగులో పిల్లల పుస్తకాలు ప్రచురిస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో స్థాయిల వారీగా కథలు ఉచితంగా లభిస్తాయి. తెలుగుతో పాటు ఉర్దూ కథలు కూడా అందులో ఉన్నాయి. ఏదీ దొరకకపోతే నాలుగు తెల్లకాగితాలు మడిచి మధ్యలో దారంతో కుట్టండి. బిడ్డ చెప్పిన మాటలనే అందులో రాయండి. "మా దాదీ రొట్టె చేసింది." "నేను తిన్నాను." తాను పలికిన మాటను కాగితం మీద చూసుకున్న పిల్లవాడు దానిని చదవకుండా ఉండలేడు.

ఆ బాలుడు ఇప్పుడు మళ్లీ మక్తబ్‌కు వస్తున్నాడు. ఖాయిదాను మొదటి పుట నుంచి ప్రారంభించాడు. నెమ్మదిగా చదువుతాడు, తడబడతాడు. కానీ ఏ అక్షరం మీద వేలు పెట్టినా దాని పేరు చెబుతాడు. మేము కూడా నెమ్మదించడం నేర్చుకుంటున్నాము.

మన పిల్లలకు మేలైన జ్ఞానాన్ని, వారికి నేర్పే మనకు సహనాన్ని అల్లాహ్ ప్రసాదించు గాక! ఆమీన్.