చింతగింజల రమ్మీ
రమ్మీ కేవలం అదృష్టము మీద నడిచే ఆట కాదనీ, పడిన ముక్కలను గుర్తుంచుకొని, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో తెలియవలెననీ సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. మాంబళంలో మా మేనత్త ఏ తీర్పూ చదవకుండానే ఆ సంగతి ఎరిగిన మనిషి. జోకరు లేని సీక్వెన్సు పడే ఆశ లేకుంటే 20కే డ్రాపు చేసేది. మేమో, జోకరును నమ్ముకొని కూర్చుండి 80 మోసేవాళ్ళం. పందెం చింతగింజలే.

సెల్‌ఫోను రమ్మీలో మా బంధువొకడు అప్పులపాలైన మాట నిజమే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను 2025లో చట్టం నిషేధించడమూ మంచిదే. కాని ఆ భయముతో సంక్రాంతికి సయితం ఇంట పేక తీయనివ్వని పెద్దలను చూస్తున్నాను. పిల్లలను చింతగింజలతో ఆడనీయండి. మొన్న మా మనుమరాలు 20కే దించింది. నేను 80 మోశాను.

— ఒక పాత చందాదారు, చెన్నై